తూర్పు చూసే వ్యాన్

వేపకాయంత వెర్రి అందరికీ ఉంటుందంటారు. మా చిన్నాయనది గుమ్మడికాయంత. ఆయనకు లోకంలో నమ్మకమున్నది ఒక్క మనిషి మీదే, సూర్యాపేటలోని వాస్తు పంతులు మీద. ఆ పంతులు ఫోన్‌లో దగ్గితే చాలు, మిర్యాలగూడలో మా చిన్నాయన ఇంటి గోడ ఒకటి కూలేది. వంటిల్లు నాలుగుసార్లు చోటు మారింది. చిన్నమ్మ ఏ గోడకూ క్యాలెండర్ తగిలించేది కాదు. ఎందుకని అడిగితే, "మేకు కొట్టేదాక గోడ ఉంటదో పోతదో" అనేది.

అలాంటి మనిషి ఒక పాత బడి వ్యాన్ కొని, సీట్లు పీకించి, రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము బిగించి, విశాఖ సముద్రం, అరకు కొండలు చూపిస్తానంటే చిన్నమ్మ మొదట నమ్మలేదు. నమ్మాక నన్ను పక్కకు పిలిచింది.

"సముద్రం కనపడకున్నా ఏం కాదు బిడ్డా. గీ నాలుగు రోజులు దిక్కుల లొల్లి లేకుంటే సాలు."

కోదాడ హైస్కూల్లో సైన్స్ చెప్పే నేను డ్రైవర్‌గా కుదిరాను. ఆమె కోరిక చిన్నదే కదా, తీరకపోతుందా అనుకున్నాను.

బయల్దేరే పొద్దున వ్యాన్‌కు గృహప్రవేశం జరిగింది. తూర్పు ముఖంగా నిలబెట్టి పాలు పొంగించారు. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలట. కొలిచి చూస్తే ఆగ్నేయం మూల సరిగ్గా డ్రైవర్ సీటు కింద పడింది. నన్ను లేపితే బండి కదలదు కాబట్టి, పెద్దమనసు చేసుకుని పొయ్యిని నా వీపు వెనక బిగించారు.

"బండి మలుపు తిరిగితే ఆగ్నేయం ఏడికి పోతది చిన్నాయనా?" అన్నాను.

ఆయన వెంటనే సూర్యాపేటకు ఫోన్ కలిపాడు. పంతులు ఏమాత్రం తడబడలేదు. వండేటప్పుడు మాత్రం బండి తూర్పు చూస్తే చాలన్నాడు.

విజయవాడ దాకా రోడ్డు ఎటూ తూర్పుకే పోతుంది కాబట్టి హాయిగా వండుకుని తిన్నాం. ఆ తర్వాత మొదలైంది నా పని. పెట్రోల్ బంకుల్లో, దాబాల ముందు, ఒకచోట శ్మశానం గోడ పక్కన, చిన్నాయన దిక్సూచి పట్టుకుని దిగేవాడు. నేను బండిని ముందుకూ వెనక్కూ తిప్పేవాణ్ణి. కడిగిన బియ్యం గిన్నె ఒళ్లో పెట్టుకుని, తూర్పు దొరికేదాకా చిన్నమ్మ కూర్చునేది. నాకు లోపల్లోపల నవ్వొచ్చేది. స్కూల్లో చెప్పుకోవడానికి ముచ్చట్లు పోగేసుకుంటున్నాను.

విశాఖ చేరేసరికి వాయుగుండం. సముద్రం దగ్గరికి ఎవర్నీ పోనివ్వడం లేదు. "కొండలల్ల వాన ఇంకా మంచిగుంటది" అని చిన్నాయన అరకు దారి పట్టించాడు. ఘాట్ రోడ్డు మీద గాలి బండిని పక్కకు నెడుతోంది. ఒక మలుపు దాటగానే రోడ్డుకు అడ్డంగా చెట్టు పడి ఉంది. ఆగాం. కాస్త ఎడంగా మా వెనకే ఒక జీపూ ఆగింది. మధ్యాహ్నం రెండు దాటింది, ముగ్గురికీ ఆకలి. చిన్నమ్మ ఎవర్నీ అడగకుండా పొయ్యి ముట్టించి ఎసరు పెట్టి, బియ్యం పోసింది.

చిన్నాయన దిక్సూచి చూసి గుండె పట్టుకున్నాడు. "పొయ్యి ఈశాన్యంల పడ్డది!" సూర్యాపేటకు ఫోన్ కొడితే సిగ్నల్ లేదు. గొడుగు తీసుకుని దిగాడు. "నేను సైడ్ సూపిస్త, జర ఎన్కకు రానియ్."

వెనక లోయ. రోడ్డు అంచున మట్టి నాని మెత్తబడి ఉంది. అది నాకు అద్దంలో కనిపిస్తూనే ఉంది. దిక్కుల పాఠం ఏటా పిల్లలకు చెప్పేవాణ్ణి నేనే. అయినా పెద్దవాడితో గొడవెందుకని రివర్స్ గేర్ వేశాను. ఆయన గొడుగు ఎగిరిపోయింది. తడుస్తూనే "రానియ్, రానియ్" అంటున్నాడు. మూడో "రానియ్"కి వెనక చక్రం రోడ్డు దిగింది. బండి వెనక్కి ఒరిగింది. ఉడుకుతున్న అన్నం గిన్నె జారి చిన్నమ్మ పాదం మీద ఒలికింది. ఆమె కేక పెట్టి, అంతలోనే చెయ్యి చాచి పొయ్యి ఆర్పింది. నేను బ్రేకును బలంకొద్దీ తొక్కిపట్టాను. అయిపోయాం అనుకున్నాను.

జీపులోని వాళ్లు తాడు కట్టి లాగారు. తడిసి ముద్దయిన చిన్నాయన ఏదో చెప్పబోయి, బొబ్బలెక్కిన ఆ కాలు చూసి, దిక్సూచి జేబులో పెట్టుకున్నాడు.

చిన్నమ్మ పాదం మీద చన్నీళ్లు పోసుకుంటూ నా వైపు తిరిగింది.

"ఆయన నమ్మిండు, నమ్మి వానల నిలబడ్డడు. నువ్వు నమ్మవు గద బిడ్డా. మరి నువ్వెందుకు తిప్పినవ్?"

ఆమె అడిగింది దిక్కుల లొల్లి లేని నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ స్టీరింగ్ నా చేతిలోనే ఉంది.