ప్లైవుడ్ గోడకు అటువైపు యాదగిరి సారు

యాదగిరి సారు ఇక లేరన్న వార్త పంజాగుట్ట మెట్రో మెట్లెక్కుతుండగా ఫోనులో విన్నాను. నిద్రలోనే గుండె ఆగిందట. చుట్టూ ఉన్న సందడంతా నీళ్ల అడుగు నుంచి వినిపిస్తున్నట్టయింది. ముందురోజు సాయంత్రమే కదా, "సోమవారం మన క్లాసు, మర్శిపోకుండ్రి మేడం" అన్నారు! ఇంత నిర్దయా?

అమీర్‌పేటలోని మా కోచింగ్ సెంటర్లో ఆయన భౌతికశాస్త్రం, నేను జీవశాస్త్రం. మా గదుల మధ్య ఉన్నది ఒక్క ప్లైవుడ్ గోడ. మధ్యాహ్నపు మగతలో ఆయన ఉష్ణగతికశాస్త్రమూ నా జీవపరిణామమూ ఒకదానిలోకొకటి ప్రవహించేవి. ఏది ఎవరి పాఠమో తెలియని కలలో పిల్లలు రాసుకునేవారు. నేను తప్పు చెబితే అటు నుంచి టక్‌టక్‌మని గోడ తట్టేవారు. ఒళ్లు మండేది నాకు. తరవాత నవ్వొచ్చేది.

"పరిణామమంటే పైపైకి ఎక్కడం" అన్నానంటే చాలు, గోడ మోగేది. "ఎక్కుడు కాదు మేడం, మిగులుడు. మిగిలినోళ్లే ముచ్చట చెప్తరు" అనేవారు.

ఒకరోజు నా క్లాసులో ఒకమ్మాయి లేచింది. "విశ్వంలో అస్తవ్యస్తత పెరుగుతూనే ఉంటుందన్నారు సారు. మరి ఏకకణ జీవి నుంచి ఇంత పొందికైన మనిషెలా వచ్చాడు? మీ ఇద్దరిలో ఎవరిది తప్పు మేడం?"

టక్‌టక్! మరుక్షణం ఆయన గుమ్మంలో ప్రత్యక్షం. అందరినీ బాల్కనీలోకి నడిపించి ఏసీ పెట్టె వెనక నిలబెట్టారు. వేడిగాలికి మొహాలు కందిపోయాయి.

"లోపల సల్లగున్నది గదా? గా సల్లదనం ఉట్టిగ రాలే. కరెంటు తింటున్నది, వేడంత గీడ పారబోస్తున్నది. జీవి సుత గంతే. సూర్యుని శక్తితోని లోపల సర్దుకుంటది, బయటికి వేడి వదుల్తది. మొత్తం మీద అస్తవ్యస్తత పెరుగుతనే ఉన్నది. మేడంది తప్పు గాదు, నాది తప్పు గాదు. ఇద్దరం కలిసి చెప్పాలె."

రెండు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి ఆ ఉమ్మడి పాఠం చెప్పాలన్నది అప్పటినుంచీ ఆయన కోరిక. అదే ఆ సోమవారం క్లాసు.

నేనొక్కదాన్నే చెప్పాను. ఆయన క్లాసు పిల్లలు కూడా వచ్చి నేలమీద కూర్చున్నారు. ఏసీ కథ ఆయన మాటల్లోనే చెప్పాను. ఆ మహనీయుడి స్థానంలో ఎవరినైనా నియమించవచ్చు గాక, ఆ లోటు తీరదు. చివరికి, కావాలనే, "పరిణామమంటే పైపైకి ఎక్కడం" అని గోడ వైపు చూశాను.

అటు గది ఖాళీ. పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు.

నేనే వెళ్లి గోడ తట్టాను. "ఆ వాక్యం కొట్టేయండమ్మా," అన్నాను. "ఎక్కడం కాదు. మిగలడం."