పొట్టు నూనె బావ

మా బావ పోయాడన్న కబురు అందేసరికి నేను బుక్కరాయసముద్రంలో హోటల్లో దోసె తింటున్నాను. పూర్తిగా తినే లేచాను. ఆయన వల్ల మా అక్క పడ్డ పస్తులు చాలవా, ఆయన పోయినందుకు నేనూ ఎందుకు మాడాలి? చదివేవాళ్లు ఛీ అనుకోవచ్చు. బామ్మర్ది తిట్టకపోతే బావకు మర్యాదేముంది?

ఆయనది కళ్యాణదుర్గం పక్క మెట్ట చేను. వేసేది చెనక్కాయ, అదే వేరుశనగ. బావికి డీజిలు ఇంజను ఉండేది, ఇంజనుకు డీజిలు ఉండేది కాదు. ఖాళీ క్యానుతో బంకుకు పోయి ఖాళీ క్యానుతో తిరిగొచ్చేవాడు. అలా వస్తూ ఒకరోజు మిల్లు వెనక గుట్టపడిన చెనక్కాయ పొట్టు చూసి, దీంతోనే ఇంజనుకు నూనె దింపుతానని బండికెత్తుకొచ్చాడు.

మా పక్క పశువుల వైద్యులు నల్లజీడి గింజల నూనె దింపే పద్ధతే ఆయన పట్టుకున్నాడు. కుండ నిండా పొట్టు కుక్కి, గుంతలో పాతిన ఇంకో కుండ మీద బోర్లించి, సందు లేకుండా మట్టి మెత్తి, పైన పిడకల మంట వేసేవాడు. కింది కుండలోకి నల్లటి నూనె దిగేది.

"మంట తగలాల, గాలి తగలగూడదు. అంతే మర్మం," అనేవాడు దగ్గుతూ.

"పొట్టుకు సరే బావా, నీ ఊపిరికి గూడా గాలి తగలగూడదా?"

"నవ్వురా, నవ్వు. ఇంజను తిరిగిన పొద్దు నీ నోట్లో ఇదే పోస్తా."

ఒంటి నిండా ఆ వాసనే. పెళ్లి బంతుల్లో ఆయన పక్కన నేనొక్కడినే కూర్చునేవాణ్ణి. అభిమానంతో కాదు, వడలు ఎక్కువ దక్కేవి. మా ఇంటి తలుపులకూ ఆ నూనే పూశాడు. నేటికీ చెద పట్టలేదు. అందుకు మాత్రం దండం.

ఒక ఏడు సరిగ్గా చెట్ల ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళకు వాన మొహం చాటేసింది. ఒక్క తడి ఇస్తే పంట దక్కుతుంది. లేకపోతే ఏడాదికి తిండిగింజలు లేవు. డీజిలు ఎక్కడా లేదు. అడుగున మిగిలిన కాస్త డీజిలులో బావ తన నూనె కలిపాడు. నేను ఇంజనుకు పూలదండ వేసి, తప్పెట వాణ్ణి పిలుచుకొచ్చాను.

"ఏమప్పా, ఇంజనుకు పెండ్లా?" అన్నాడు పక్క చేని ఆయన.

"తద్దినం," అన్నాను.

ఇంజను అచ్చం బావలాగే దగ్గి, అందుకుంది. నీళ్లు మొదటి సాలుకు చేరాయి. బావ ఆ నీళ్లలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన లేచేలోపే ఇంజను ఆగిపోయింది. మెకానిక్ విప్పి చూస్తే లోపలంతా నల్లటి పాకం.

"అన్నా, ఇది ఇంజను గాదు, బాణలి," అన్నాడు.

పంట మాడిపోయింది. "ఆ నూనె ఇంజనుకు గాదు, నువ్వు తాగిండాల్సింది," అంది మా అక్క.

"వడగట్టింది చాల్లేదే. ఇంకా గట్టి నేత గుడ్డ గావాల," అన్నాడాయన. చూపు పెట్టె మీద ఉంది. అందులో అక్క పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర ఉంది. తిట్టుకుంటూనే తీసిచ్చింది. చీరా మిగల్లేదు, ఇంజనూ తిరగలేదు. తర్వాత ఏళ్లలో ఆయన దగ్గు మాత్రం ఆగకుండా తిరిగింది.

పోయాక ఆయన్ని ఆ చేలోనే పూడ్చాం. ఆయన కుండలకు మెత్తినట్టే పైన మట్టి మెత్తాం, గాలి తగలకుండా. కుక్కలు తవ్వుతాయి, ముళ్లకంప కొట్టుకొస్తామని మనుషులు లేచారు. అక్క ఇంట్లో మిగిలిన నూనె డబ్బా ఈడ్చుకొచ్చింది.

"కంప యాల? ఈ వాసనకు నేను తప్ప ఎవురూ దగ్గరికి రాలేదు. కుక్కలొస్తాయా?" అని మట్టిదిబ్బ చుట్టూ పోసింది.

ఆ వారమే వాన కురిసింది, ఆయన పోయేదాకా కాచుకున్నట్టు. నెల తర్వాత పోయి చూశాను. చేనంతా పచ్చగా గడ్డి. బావ చుట్టూ మాత్రం నల్లటి వలయం, అందులో ఒక్క పోచ లేదు. ఒక కుక్క అంచుదాకా వచ్చి, తుమ్మి, వెనక్కి తిరిగింది. వలయం లోపల, దిబ్బకు ఆనుకుని మా అక్క కూర్చుని ఉంది.