తోడికోడలు చెప్పిన వంక

నిన్న పొద్దున వార్డు సచివాలయం నుంచి ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. వానాకాలం రాకముందే ఆదోనిలో వాననీళ్లు పారే వంకలన్నీ గుర్తుపెడుతున్నారట. కాఫీ తాగి, "ఆంటీ, ఎమ్మిగనూరు మేడం మీ బంధువంట కదా, నెంబరిస్తారా?" అనింది. ఇచ్చినాను. ఇస్తుంటే నోరు చేదయింది.

ఆ మేడం నా తోడికోడలు, మా మరిది పెండ్లాం. కర్ణాటక సరిహద్దులోని హొళగుంద పిల్ల. ఆమె రాకముందు, పత్తి వ్యాపారం చేసే మా అత్తగారింట్లో పెద్దకోడలిగా నా మాటే చెల్లేది. ఆమె వచ్చినాక మా అత్త ప్రతిదానికీ "చిన్నకోడల్ని అడుగుదాం" అనడం మొదలుపెట్టింది. నా ఒబ్బట్లు దూదిలా ఉండేవి, ఆమెవి అప్పడాల్లా ఉండేవి. మా మామ రెండోసారి అడిగి వేయించుకునేది మాత్రం ఆమెవే. అదేం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాలేదు.

మేం కొండ కింద కొత్త కాలనీలో ఇల్లు కట్టుకోవాలనుకుని, అందరం స్థలం చూడ్డానికి పోయినాం. మేమంతా తూర్పు వాకిలి గురించి మాట్లాడుకుంటుంటే, ఆమె అక్కడ గొర్రెలు మేపుతున్న ముసలాయనతో కన్నడంలో ముచ్చట పెట్టింది. తిరిగొచ్చి, "అక్కా, ఇది వంకంట. కొండమీది నీళ్లన్నీ ఈడికే దిగుతాయంట. ఇంకోటి చూడరాదా?" అనింది. మా అత్త వెంటనే తలూపింది. ఆ తల ఊపడం చూసినాక నాకు ఒళ్లు మండింది. "ఈ కరువు సీమలో వంకేందమ్మా, ఆడ తడి చూసినోళ్లే లేరు" అని, ఆ స్థలమే కావాలని పట్టుబట్టినాను. ఆమె వద్దన్నందుకే కొన్నామని మా ఆయనకు కూడా తెలీదు. వంకకు అడ్డంగా ప్రహరీ గోడ కట్టించినాం.

వాళ్లు ఎమ్మిగనూరులో ఇల్లు కట్టుకున్నారు. అక్కడా వీధి పక్కన ఒక వంకుంది. దాన్ని పూడ్చి ప్లాట్లు వేయబోతుంటే, మగ్గం గుంతల్లోకి నీళ్లొస్తాయని నేతగాళ్లను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి వంకను వంకగానే వదిలేయించి, గట్టున కానుగ చెట్లు నాటించింది. మేం ఇంట్లో కూర్చుని నవ్వుకున్నాం. నేను కొంచెం ఎక్కువే నవ్వినాను.

తర్వాత ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. కొండమీంచి ఎర్రనీళ్లు దిగి, మా గోడకు తగిలి, నట్టింట్లోకి మోకాలెత్తున వచ్చినాయి. మిగిలినవి పక్క సందులోకి మళ్లినాయి. ఆ సందులో పత్తి మిల్లులో పనిచేసే ఒకామె ఉండేది. ఆమె ఇంటి గోడ కూలింది. మనవరాలిని చంకనెత్తుకుని, తడిసిన జొన్నల మూట పక్కన నిలబడి, "మీ గోడ లేకుంటే నీళ్లు నేరుగా పోయేటివమ్మా" అనింది. కోపంగా కూడా అనలేదు.

మేం తలదాచుకోను ఎమ్మిగనూరే పోయినాం. ఆడా అంతే వాన. వంక నిండుగా పారి, దాని దోవన అది పోయింది. వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడు వింటే నాకు ఏడుపొచ్చింది. తోడికోడలు తన కొత్త చీర నాకిచ్చి, వేడివేడి బొరుగుల ఉగ్గాని పెట్టింది. "ఆ పొద్దే చెప్పినాను కదా" అని ఒక్కమాట అనలేదు. అనింటే బాగుండేది, నాకు కొట్లాడ్డానికి సందు దొరికేది.

పదిరోజులకు పక్క సందులోని వాళ్లు ఆమెను ఆదోనికి రమ్మన్నారు. గోడ తీయమని నాకు చెప్పించడానికని తెలిసింది. గోడ తీయించిన పేరు కూడా ఆమెకేనా అనిపించింది. ఆమె రాకముందే, తెల్లవారగానే కూలోళ్లను పిలిపించి గోడ పడగొట్టించినాను. ఆమె ఆటో దిగి, రాళ్లకుప్ప చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"నిన్నెట్లా అడగల్లో తెలీక బస్సులో దారంతా తల పట్టుకుని వచ్చినానక్కా. నీయంత మనసు నాకు లేదు."

నేను ఆమె సంచి అందుకుని ఇంట్లోకి నడిచినాను. మరుసటేడు వాన నీళ్లు మా పెరట్లోంచి పారుకుంటూ పోయినాయి. మా మెట్లు తడిసినాయి గానీ సందులో ఎవరి గోడా పడలేదు. అందరూ నన్ను మెచ్చుకుంటే, వద్దనకుండా తీసుకున్నాను.

ఇన్నేండ్లు గడిచినా నా అసూయ తగ్గలేదు గానీ, దాన్ని ఇట్లా నోరు తెరిచి చెప్పుకోవడానికి సిగ్గు మాత్రం తగ్గింది.