దానియేలు గదిలో చల్లగాలి

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. గొప్పకి చెప్పే మాట కాదిది. డబ్బింగ్ చెప్పి బతికినదాన్ని నేను. తెర మీద దయ్యం పట్టిన పిల్ల జుట్టు విరబోసుకుని అరుస్తుంటే, ఆ అరుపు మైకు ముందు నిలబడి నేను అరిచేదాన్ని. అది ఓకే అయ్యాక బయటికొచ్చి టీ తాగుతూ, ఇంటికెళ్ళేటప్పుడు తమ్ముడికి ఏ మందులు కొనాలో గుర్తు చేసుకునేదాన్ని. మా ఇంట్లో కూడా ప్రార్థన తప్ప దయ్యాల కబుర్లు ఎప్పుడూ లేవు.

అందుకని ఇది చదివి ఈవిడకి పిరికితనం ఎక్కువేమో అనుకోకండి. ఆ రోజుల్లో నాకు భయపడే ఓపిక కూడా లేదు.

తొంభైల మొదట్లో సంగతి. సినిమా పనులు ఒక్కొక్కటే మద్రాసు నుంచి హైదరాబాదు వచ్చేస్తున్నాయి. మేమూ వచ్చేశాం, నేనూ మా తమ్ముడు దానియేలూ. వాడు ఫైటర్. హీరో కొడితే గాల్లో ఎగిరి అద్దాల మీద పడేవాళ్ళలో ఒకడు. ఇక్కడికొచ్చిన కొత్తలోనే ఒక షూటింగులో మిద్దె మీంచి దూకాడు. కింద పరిచిన పరుపులు ఉండాల్సిన చోట లేవు. మెడ దగ్గర వెన్నుపూస విరిగింది. ప్రాణం దక్కింది. చేతులు కాస్త ఆడేవి. ఛాతీ కింద నుంచి మాత్రం స్పర్శ లేదు. కాలి మీద వేడినీళ్ళు పడినా వాడికి తెలిసేది కాదు.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు ఒక మాట గట్టిగా చెప్పారు. ఇతనికి ఇక ఛాతీ కింద చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు, ఎండాకాలం చల్లగా ఉండే చోట పెట్టకపోతే జ్వరం తలకెక్కి ప్రాణం మీదికొస్తుంది అన్నారు.

చల్లగా ఉండే చోటు అంటే ఎక్కడని వెతకను? మేమున్న యూసుఫ్‌గూడ గది పైన రేకులు. ఏసీ అంటే, ఎండాకాలం వోల్టేజి పడిపోయి లైట్లే ఎర్రగా వెలిగేవి. కూలర్‌కి నీళ్ళు కావాలి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అలా తిరుగుతున్నప్పుడు మా డబ్బింగ్ థియేటర్‌లో ఎవరో ఈ ఇంటి సంగతి చెప్పారు.

ఫిల్మ్‌నగర్ దాటాక జూబ్లీహిల్స్ వైపు, బండరాళ్ళ మధ్య కట్టిన ఇల్లు. ఇంటాయన రిటైరైన ఇంజనీరు, ఏలూరు వైపు మనిషి, భార్య పోయాక పై అంతస్తులో ఒక్కరే ఉండేవారు. ఎనభైల్లో ఇల్లు కట్టినప్పుడు ఆయన ఒక ప్రయోగం చేశారు. పెరట్లో పల్లంగా ఉన్న చోట లావుపాటి సిమెంటు పైపులు పరిచి, వాటి మీద మట్టి పోసి ఎత్తు చేయించారు. పెరటి చివర గాలి లోపలికి వెళ్ళడానికి ఒక గూడు, ఇంటి పక్కన చిన్న గదిలో గాలిని లాగే ఫ్యాను, ప్రతి గదిలో గోడకి కింద ఒక జాలీ. బయటి వేడిగాలి మట్టి కింద పైపుల్లో తిరిగి చల్లబడి గదుల్లోకి వస్తుంది. ఆ ఫ్యాను తక్కువ కరెంటుతోనే తిరిగేది.

"భూమి కింద ఎండాకాలం ఉండదమ్మా" అన్నారాయన, మొదటిసారి చూపిస్తూ.

చలికాలంలో కింది వాటాలో చేరాం. దానియేలుకి పక్క గది ఇచ్చాను. అంతకుముందు ఆయన అందులో పాత సామాన్లు వేసుకునేవారట. నేను థియేటర్‌కి వెళ్ళినప్పుడు వాడిని చూసుకోవడానికి బోరబండ నుంచి సత్తెమ్మ అని ఒకావిడ వచ్చేది. వాడిని పక్కకి తిప్పడం, పుళ్ళు పడకుండా వీపు తుడవడం అన్నీ తనే నేర్చుకుంది.

ఎండలు మొదలవుతున్నాయనగా పక్క స్థలంలో ఇల్లు కట్టడం మొదలైంది. బండలకి మందు పెట్టి పేల్చేవారు. ఇల్లంతా అదిరేది. ఆ రోజుల్లోనే ఫ్యాను మూలగడం మొదలుపెట్టింది. తర్వాత హాల్లో జాలీ నుంచి గాలి తగ్గింది, ఆ తర్వాత పూర్తిగా ఆగింది.

ఇక మెకానిక్‌ల కోసం తిరగడం. పైపులు వేసిన కాంట్రాక్టరు ఊళ్ళో లేడు, ఎక్కడున్నాడో తెలియదు. యూసుఫ్‌గూడ నుంచి ఒక ఏసీ మెకానిక్ వచ్చి, ఫ్యాను గదిలోకి తొంగిచూసి, "ఇదేంది సార్, గిట్లాంటిది నేనెప్పుడు చూడలే" అని వెళ్ళిపోయాడు. టోలిచౌకి నుంచి ఇంకొకతను వచ్చి మోటారు కాలిపోయిందని విప్పి, వైండింగ్‌కి పట్టుకుపోయాడు. రేపు ఇస్తాను, ఎల్లుండి ఇస్తాను అని తిప్పాడు. నేను పొద్దున్న థియేటర్‌కి వెళ్ళడం, సాయంత్రం గొంతు పోయి ఆ షాపు ముందు నిలబడి సైగలతో అడగడం. ఇంటికొచ్చి వాడిని తిప్పి పడుకోబెట్టి, గోడకి చేరబడితే అలాగే నిద్రపట్టేసేది.

హాలు పొయ్యిలా ఉండేది. దానియేలుకి జ్వరం ఎప్పుడొస్తుందోనని రోజూ చెయ్యి వేసి చూస్తున్నాను. రాలేదు.

ఎందుకు రాలేదో మొదట గమనించింది సత్తెమ్మే. "అమ్మా, గీ ఒక్క అర్రనే సల్లగున్నది. జర చూడుండ్రి" అంది.

నిజమే. దానియేలు గది గుమ్మం దాటగానే తేడా తెలిసింది. మంచం కాళ్ళవైపు ఉన్న జాలీ దగ్గర కూర్చుంటే సన్నగా, ఆగకుండా గాలి తగులుతోంది. ఇంజనీరుగారికి చెప్పాను. ఆయన థర్మామీటరు తెచ్చి హాల్లో ఒకసారి, ఆ గదిలో ఒకసారి పెట్టి చూశారు. రెండు ఇళ్ళలా ఉన్నాయి. మోటారు లేకపోయినా పైపుల్లో గాలి తనంతట తను కొంచెం కదులుతుందమ్మా, ఈ గదికి మాత్రం అందుతున్నట్టుంది అన్నారు. నాకు అది చాలు. ఎలా వస్తే ఏం, వస్తోంది కదా అనుకున్నాను.

ఆ ఆదివారం నేను ఇంట్లో ఉన్నాను, సత్తెమ్మా వచ్చింది. మధ్యాహ్నం వాడికి అన్నం తినిపించి గిన్నె తీస్తుంటే, "అక్కా, కాళ్ళ మీద దుప్పటి కప్పవా, చల్లగా తగులుతోంది" అన్నాడు.

కప్పాను. కప్పాక నాకు వెలిగింది వాడేమన్నాడో.

"ఏ కాళ్ళురా?" అన్నాను.

"నా కాళ్ళే. ఎడం కాలికి ఎక్కువ తగులుతోంది."

నేను వాడి పాదం గట్టిగా గిల్లాను. తెలియలేదన్నాడు. సూదితో గుచ్చాను. తెలియలేదు. దుప్పటి తీసి, వాడి కళ్ళ మీద తువ్వాలు కప్పి, చప్పుడు కాకుండా జాలీకీ కాళ్ళకీ మధ్య నా చెయ్యి అడ్డం పెట్టాను.

"ఎవరు అడ్డొచ్చారు?" అన్నాడు వాడు.

చెయ్యి తీశాను. "ఆఁ, ఇప్పుడొస్తోంది" అన్నాడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ చెప్పాడు. సత్తెమ్మని పిలిచి తన చేత పెట్టించాను. అప్పుడూ తప్పు చెప్పలేదు. తువ్వాలు తీస్తే నవ్వుతున్నాడు. దెబ్బ తగిలాక వాడి నవ్వు చూడటం అదే మొదలు.

మర్నాడు డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. స్పర్శ పోయిన చోట ఏదో తగిలినట్టు అనిపించడం మామూలేనమ్మా, మనసు కల్పించుకుంటుంది అన్నారు. మరి చెయ్యి అడ్డం పెట్టింది ఎలా తెలిసింది సార్ అని అడిగాను. నీడో చప్పుడో తెలిసి ఉంటుందన్నారు. ఇంకా గట్టిగా అడగాలనిపించలేదు. బయట ఎంతోమంది కూర్చుని ఉన్నారు.

మోటారు వచ్చింది. బిగించారు. ఫ్యాను బాగా తిరిగింది గానీ గదుల్లోకి గాలి రాలేదు. పైపే ఎక్కడో కూలిందని ఇంజనీరుగారు తేల్చారు. మట్టిపని చేసే యాదగిరిని, అతని మనుషులను పిలిపించి పెరడు తవ్వించారు. పక్క స్థలంలో పేలుళ్ళకి పైపు మధ్యలో నలిగిపోయి, మట్టి నిండి కనిపించింది. అది మార్చాలి. పనిలో పనిగా గదులకి వెళ్ళే పైపులన్నీ చూద్దామని దానియేలు గది వైపు కూడా తవ్వారు.

కాసేపటికి యాదగిరి పిలిచాడు. "సార్, గీడ పైపు లేదు. బండ ఉన్నది."

నేనూ వెళ్ళి చూశాను. ఆ గదికి వెళ్ళాల్సిన పైపు మధ్యలోనే ఆగిపోయింది. దాని నోరు సిమెంటుతో మూసేసి ఉంది. అక్కడి నుంచి ఇంటి గోడ వరకూ ఒకటే బండ, దానికి ఆనించే గోడ కట్టారు. బండని తొలవడం కుదరక అప్పట్లో కాంట్రాక్టరు అక్కడితో ఆపేసి, మట్టి కప్పేసి, లోపల జాలీ మాత్రం బిగించి వెళ్ళినట్టున్నాడు. పాత సామాన్ల గది కాబట్టి గాలి వస్తోందో లేదో ఎవరూ చూసుకోలేదు.

ఇంజనీరుగారు వంగి ఆ సిమెంటు మూతని చేత్తో తడిమి చూశారు. తర్వాత లోపలికి వచ్చి గదిలో సీలింగ్ ఫ్యాను ఆపించారు. కిటికీ వేయించారు. తనే కింద కూర్చుని జాలీ ఊడదీశారు. వెనక మూరెడు లోతు కన్నం, ఆ తర్వాత నున్నటి బండ. టార్చిలైటు వేసి చూశారు, పగులు లేదు. గడ్డపార పెట్టి పొడిచారు, ఖంగుమంది. అగరొత్తి వెలిగించి ఆ కన్నం ముందు పట్టుకున్నారు.

పొగ నిటారుగా పైకి లేచింది, ఏ పక్కకీ వంగలేదు.

ఆయన వెనక, మంచం మీద, దానియేలు పాదాల దగ్గర దుప్పటి అంచు మాత్రం మెల్లగా లేచి పడుతూనే ఉంది. నేను చూశాను. సత్తెమ్మ చూసింది. ఆయన తల తిప్పి చూశారు. అగరొత్తి ఆర్పేసి, "పైకెళ్ళి కాసేపు పడుకుంటానమ్మా" అని లేచారు.

సాయంత్రం మళ్ళీ దిగి వచ్చారు. బండ పక్క నుంచి కొత్త పైపు తిప్పి, ఇంకో గోడలోంచి ఈ గదికి కూడా సరిగ్గా గాలి వచ్చేటట్టు చేయిస్తానన్నారు. సరేనన్నాను.

ఆయన వెళ్ళాక దానియేలు, "ఈ గది జోలికి పోవద్దని చెప్పక్కా" అన్నాడు.

"ఎందుకురా?"

"కెలికితే ఇది పోతుంది."

"ఎండలు ఇంకా ముదరలేదు దానీ. బండలోంచి వచ్చే గాలిని నమ్ముకుని నిన్ను ఎలా వదిలేసి పనికి పోను? ఒక రోజు అది రాకపోతే?"

వాడు పైకప్పు వైపు చూస్తూ, "నీకు తోచినట్టు చెయ్" అన్నాడు.

నాకు తోచింది ఒకటే. మోటారైతే కంటికి కనిపిస్తుంది, పాడైతే బాగుచేసేవాడు ఎక్కడో ఒకడు దొరుకుతాడు. పని కానిచ్చారు. పాత జాలీని మాత్రం మూయొద్దని అడిగాను. అలాగే బిగించి వదిలేశారు.

కొత్త పైపు వేసి ఫ్యాను ఆన్ చేసిన రోజు అన్ని గదుల్లోనూ చల్లగాలి నిండింది. హాలు, వంటిల్లు, దానియేలు గది, అన్నీ ఒకేలా. సత్తెమ్మ కొంగు తీసి మెడ తుడుచుకుని, ఇక ఫికర్ లేదమ్మా అంది. నేను మంచం పక్కన కూర్చుని ఎలా ఉందిరా అని అడిగాను.

"ముఖానికి బాగా తగులుతోందక్కా" అన్నాడు. కాళ్ళ మాట ఎత్తలేదు. పాత జాలీ ముందు చెయ్యి పెట్టి చూశాను, అందులోంచి గాలి లేదు.

ఆ ఎండాకాలం గడిచింది. వాడికి ఒక్కసారి కూడా జ్వరం రాలేదు. ఆ తర్వాతి ఎండాకాలాలూ అదే ఇంట్లో గడిచాయి. చివరికి ఒక వానాకాలం ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయాడు. ఆ తర్వాత నేను ఇల్లు ఖాళీ చేశాను. ఇంజనీరుగారు ఆ సంగతి నాతో మళ్ళీ ఎత్తలేదు. సామాను ఆటోలోకి ఎక్కిస్తున్నప్పుడు మాత్రం గేటు దాకా వచ్చి, నేను లెక్కలన్నీ వేసి చూశానమ్మా, ఎటు నుంచీ కుదరదు అన్నారు.

మా పాస్టరుగారికి చెబితే దేవుని కృప అన్నారు. అయుండొచ్చు. కృపే అయితే పైపు వెయ్యగానే ఎందుకు ఆగిపోవాలో ఆయనా చెప్పలేదు. కొందరు బండల్లో పైకి కనిపించని సందులుంటాయని చెప్పారు. ఉంటాయేమో. ఆ సందులకి మా వాడి కాళ్ళు ఎలా తెలిశాయి?

పోవడానికి కొన్నాళ్ళ ముందు, ఒక మధ్యాహ్నం గడ్డం గీస్తుంటే వాడే ఆ మాట తెచ్చాడు. అప్పుడు ఆ చల్లదనం ఎలా ఉండేదిరా అని అడిగాను, అన్నాళ్ళకి.

"ఊరు కాని ఊళ్ళో ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టు ఉండేదక్కా" అన్నాడు.

ఎవరని అడిగాను. తెలియదన్నాడు. ఇంత వయసొచ్చినా నాకూ తెలియదు.