ఎర్రచుక్కల బస్తీ

అరుణజ్యోతి దిల్‌సుఖ్‌నగర్ వెనక బస్తీలో ఆశా కార్యకర్త. ఆ వానాకాలం మూడు రోజుల్లో పదిహేడు మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగో రోజు సాయిలు అనే తాపీమేస్త్రీ దవాఖానకు తీసుకుపోతుండగానే ఆటోలో చనిపోయాడు. అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆమే. ఇంటికొచ్చి ఎంత కడుక్కున్నా చేతులకు ఆ చల్లదనం పోలేదు.

అందరూ పానీపూరీ బండిని తిట్టారు. ఆమెకు మాత్రం శిక్షణలో విన్న సంగతి గుర్తొచ్చింది. నూట డెబ్బై ఏళ్ల కిందట లండన్‌లో కలరా వస్తే, ఒక డాక్టరు చావులన్నీ వీధుల పటం మీద గుర్తు పెట్టాడట. గుర్తులన్నీ ఒక చేతిపంపు చుట్టూ మూగాయట, జబ్బు ఆ నీళ్లలోనే ఉందట.

పోలియో చుక్కల కోసం తను గీసుకున్న బస్తీ పటం పరిచి, జబ్బుపడ్డ ప్రతి ఇంటికీ ఎర్రపెన్నుతో చుక్క పెట్టింది. బండి దగ్గర ఒక్కటీ లేదు. మురుగు మోరీ పక్కనుంచి పోయే నల్లా లైను వెంట చుక్కలు బారుగా వచ్చాయి. మధ్యలో భానుప్రియ అనే ఆమె ఇంటికి ఒక్కదానికే చుక్క లేదు. వాళ్లు క్యాన్ నీళ్లు కొంటారు. చుక్కల వరస ఆగిన చోట, తరవాతి ఇల్లు తనదే.

"అత్తమ్మా, పొద్దుగాల నల్లా నీళ్లు తాగినవా?"

"తాగిన. దూపైంది," అంది ఈరమ్మ. "ఏందే, గట్ల జూస్తున్నవ్?"

అరుణజ్యోతి బిందెలోని నీళ్లన్నీ పారబోసి, పటం చుట్టుకుని నీళ్ల ఆఫీసుకు పరుగెత్తింది.

"నీళ్ల పరీక్ష రిపోర్టు రాకుండా లైను ఆపలేనమ్మా. ఎల్లుండి వస్తుంది," అన్నారు ఇంజినీరు త్రినాథరావు.

"నల్లా రేపు పొద్దుగాలనే ఒస్తది సార్. గీ చుక్క లేని ఇల్లు జర చూడుండ్రి. గిటు అందరు పడ్డరు, గటు అందరు పడ్డరు. గీళ్లొక్కళ్లే నల్లా నీళ్లు తాగరు."

ఆయన వేలు చుక్కల వెంట నడిచి ఆ ఇంటి దగ్గర ఆగింది. లైన్‌మన్‌కు ఫోను చేసి, "లింగస్వామీ, ఆ వాల్వు కట్టేయ్. ట్యాంకరు పంపిద్దాం," అన్నారు.

సాయంత్రానికి ఈరమ్మకు వాంతులు మొదలయ్యాయి. దవాఖానలో సెలైన్ ఎక్కుతున్నంతసేపూ అరుణజ్యోతి ఆమె అరచేతిని వదల్లేదు. అది చల్లబడుతోందేమోనని మాటిమాటికీ నొక్కి చూసుకుంది. రెండు రోజులకు ఈరమ్మ కళ్లు తెరిచి జావ అడిగింది.

మోరీ పక్కన తవ్వితే పైపు పగిలి ఉంది. మురుగు లోపలికి ఊరుతోంది. పైపు మార్చారు. ఆ వారం దాటాక కొత్తగా ఎవరూ జబ్బుపడలేదు.

సాయిలు భార్య ఒకసారి అడిగింది. "గా చుక్కలు ఇంకొక్కరోజు ముందుగాల పెడితే మా ఆయన బతికేటోడు గద, జ్యోతక్కా?"

ఇప్పుడు బస్తీలో ఇద్దరికి కడుపు చెడిందంటే చాలు, అరుణజ్యోతి పటం ముందు కూర్చుంటుంది. మూడో చుక్క ఎక్కడ పెట్టాల్సొస్తుందోనని ఎర్రపెన్ను పట్టుకుని ఒక్కో ఇల్లే చూసుకుంటుంది.