ఊ కొట్టే పీట

మా అవ్వ కథ చెప్పాలంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగిపోయేది. కోటగిరిలో మా ఇంటి వాకిట్లో దీపాలు పెట్టే వేళకు అవ్వ చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. చుట్టూ వాడకట్టు పిల్లలం చేరేవాళ్లం. ఊ కొట్టే పని నాది. అవ్వ పక్కనుండే పీటా నాదే.

మా మేనమామ బోధన్‌లో కొత్తగా కడుతున్న చక్కెర మిల్లులో పనికి కుదిరాడు. కాపురం సర్దుకునేదాకా తన బిడ్డను మా ఇంట్లో విడిచిపోయాడు. నాకంటే ఏడాది చిన్నది. మూడో రోజే అవ్వ అంది:

"గీ పోరి ఊ ఎంత సక్కగ కొడ్తుందే! నువ్వు జర అటు జరుగు బిడ్డా."

జరిగాను. ఒళ్లు మండిపోయింది. దాని ఊలో అంత గొప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. కొంచెం సాగదీసేది, అంతే. నేనూ సాగదీసి చూశాను, పిల్లలు నవ్వారు.

నెల గడిచాక, మామ రేపొచ్చి ఎల్లుండి పొద్దున దాన్ని తీసుకుపోతాడని కబురొచ్చింది. పీడ విరగడైందని సంబరపడాల్సిందాన్ని. కానీ ఆ సాయంత్రమే అవ్వ, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగిన పిచ్చుక కథ ఎత్తుకుని సగంలో ఆపింది. "కడమ రేపు సెప్త. నీ కోసమే దాస్తున్న" అని దాని తల నిమిరింది. నా కోసం ఎన్నడూ ఏ కథా దాచలేదు.

ఆ కథ నాకు ముందే వచ్చు. మర్నాడు మధ్యాహ్నం దాన్ని గోడ నీడన కూర్చోబెట్టి మిగతా సగం చెప్పబోయాను. అది చెవులు మూసుకుంది.

"వద్దు వదినా! పగటిపూట కథ సెప్తే మామ తొవ్వ తప్పుతడంట. నీ మామంటే మా బాపే గద!"

పగటి కథ సంగతి నాకూ తెలుసు. వాడకట్టులో తెలియని పిల్ల లేదు. అయినా దాని చేతులు లాగిపట్టి, పిచ్చుకకు నిప్పు దొరికేదాకా అంతా చెప్పాను.

పొద్దుగూకినా మామ రాలేదు. అది వాకిట్లో నిలబడి బోధన్ బాట చూస్తూనే ఉంది. నా మీద చాడీ మాత్రం చెప్పలేదు. చెప్పినా బాగుండేది.

అవ్వ కథ ఎత్తుకుంది. ఊ వినపడలేదు.

"అది వాళ్ల బాపు కోసం సూస్తుంది గని, నువ్వు రా బిడ్డా, ఊ కొట్టు" అంది.

వెళ్లి నా పీట మీద కూర్చున్నాను. పిచ్చుక మళ్లీ ఓ ఇంటి తలుపు తట్టింది. అవ్వ ఆగింది. నా నోట ఊ రాలేదు, ఏడుపొచ్చింది.

మామ తెల్లారి వచ్చాడు.

"పుట్టి బుద్ధెరిగినసంది తిరిగిన తొవ్వ. వర్ని ఊరి దిక్కు ఎట్ల మళ్లిన్నో నాకే తెల్వది" అన్నాడు. అందరూ నవ్వారు. మేమిద్దరం నవ్వలేదు.