ఆకుపచ్చ మంట, కుంకుడు నురుగు

మా షాపు మేస్త్రిగారు పోయారని ఫోన్ వచ్చేసరికి పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపలికొచ్చి కూలబడ్డాను. అమ్మ నా కళ్లు చూసి, "ఉద్యోగం పోనాదని ఏడుత్తన్నావేటే గుంటా? ఇశాపట్నంలో మీ మావయ్య సెప్పిన కొలువుంది కదా" అంది. మా ఇంట్లో నా సంగతి ఎప్పుడూ ఇలాగే అర్థమవుతుంది. డిగ్రీ అయ్యాక మూడు చోట్ల మానేసినదాన్ని అరకులో ఈ బోర్డుల షాపులో కుదురుకున్నానంటే, వేరే దిక్కు లేకే అనుకున్నారు.

ఒకటే గది, ఒకటే లేజర్ మిషను. కాఫీ కొట్లకీ, లాడ్జీలకీ, బడులకీ ప్లాస్టిక్ పలకల మీద పేర్లు చెక్కేవాళ్లం. చెక్కిన అక్షరాల చుట్టూ తెల్లటి పొడి, పొగ మరక మిగులుతాయి. వాటిని వదిలించడం నా పని. మొదటి వారమే, బేగి అయిపోతుందని, ఓ లాడ్జీ పలకని స్పిరిట్‌తో తుడిచాను. తళతళలాడింది. అరగంటలో అక్షరాల అంచుల నుంచి సాలెగూడులా పగుళ్లు పాకాయి. అది యాక్రిలిక్. లేజర్ వేడి తగిలిన అంచుకి స్పిరిట్ పడదు.

మేస్త్రి తిట్టలేదు. "తొందరైతే బస్సెక్కు. పలక ముట్టుకోకు" అన్నారంతే. ఆ పగుళ్ల పలకనే టీ గ్లాసు కింద పెట్టుకుని రోజూ నా ఎదురుగా తాగేవారు. తిట్టినా బాగుండేదనిపించేది.

ఆయన సంతలో కుంకుడుకాయలు కొని నానబెట్టేవారు. ముందు పలక మీద నీళ్లు పోసి పొడి పోనిచ్చి, తర్వాత పసిపిల్లల పళ్ల బ్రష్షుతో నురుగు అక్షరం లోపల మెల్లగా రాసేవారు. పొడి మీద గుడ్డ వేస్తే గీతలే. చివర్లో తడి ఒత్తే గుడ్డ కూడా ఆయన పాత పంచె ముక్కే. మిగిలిన కాయలు పొట్లం కట్టి నాకిచ్చేవారు. అమ్మ షాపుని తిడుతూ వాటితోనే తలంటుకునేది.

ఏ రకమో తెలియని ప్లాస్టిక్ అట్ట వస్తే గుమ్మం బయటికి తీసుకెళ్లేవారు. గుమ్మం మేకుకి వేలాడే రాగి తీగని ఎర్రగా కాల్చి, అట్టకి అద్ది, మళ్లీ మంటలో పెట్టేవారు. మంట ఆకుపచ్చగా మారితే పీవీసీ, లేజర్ తగిలితే విషపు పొగ కక్కే ప్లాస్టిక్. "ఎవులు తెచ్చినా ఎనక్కి పంపెయ్. ఆ పొగకి మిషనే తుప్పడతాది. మన ఊపిరి ఇనుము కాదు కదా" అనేవారు. పెద్ద పెద్ద ఆర్డర్లు అలా తిరిగిపోవడం చూశాను.

పెద్దకర్మకి ఫొటో కింద పేరు పలక కావాలని ఆయన భార్య నల్లటి అట్ట షాపుకి పట్టుకొచ్చింది. మరిది కొన్నాడట. మిషను అమ్మేసే లోపు ఇదొక్కటీ చేసిపెట్టమంది. గుమ్మం బయట తీగ కాల్చి అద్దాను. మంట ఆకుపచ్చగా లేచింది.

"ఆరి పేరే కదమ్మా. ఒక్కపాలికి ఎట్టెయ్."

"ఆయన పేరు కాబట్టే పెట్టను పిన్నీ."

ఆమె తీగ వైపు చూసింది. "ఇంట్లో నా టిఫిను డబ్బాకీ ఇదే పరీచ్చ సేసీవోరు" అని నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. వెళ్తూ తాళాలు నా చేతిలో పెట్టి, మిషను సంగతి నన్నే తేల్చమంది.

షాపులో మిగిలిన యాక్రిలిక్ ముక్క మీద చెక్కి, నురుగుతో కడిగాను. ఆయన పేరులోని సున్నాలో ఇరుక్కున్న పొడి ఓ బుడగలో పైకి తేలి, పలక అంచు దాకా జారి పగిలింది. రాగి తీగ తిరిగి గుమ్మం మేకుకే చేరింది.

మిషను అమ్మం. నేను విశాఖ వెళ్లను. సోమవారం నుంచి షాపు నేనే తీస్తాను.